చిన్నీ, టెస్ట్‌కి ముందు ఎత్తు ఎక్కడం నేర్చుకో

చిన్నీ, నువ్వు కారు లైసెన్స్‌కి అప్లై చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ఎంత సంబరపడ్డానో, నా తర్వాత మనింట్లో స్టీరింగ్ పట్టే ఆడపిల్లవి నువ్వే కదా. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా.

ఎల్ఎల్ఆర్, అదే నేర్చుకునేటప్పుడు ఇచ్చే లెర్నర్ లైసెన్స్, గురించి నీకు చెప్పక్కర్లేదు, రోడ్డు గుర్తులు బాగా చదువుకుని వెళ్తే వచ్చేస్తుంది. ఆరు నెలలు ఉంటుంది, 30 రోజులు దాటాకే టెస్ట్. కారుకి ముందూ వెనకా ఎర్ర ఎల్ బోర్డు పెట్టుకో, పక్కన లైసెన్స్ ఉన్నవాళ్లు లేకుండా తీయొద్దు.

నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, టెస్ట్ సంగతి ఎవరో ఏజెంట్ చూసుకుంటాడని నువ్వన్నావంట. వద్దమ్మా. మీ పెదనాన్న లైసెన్స్ అలాగే వచ్చింది, ట్రాక్ మీద చక్రం తిప్పకుండానే చేతికొచ్చింది. మాకు పెళ్లైన కొత్త, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రైల్వే బ్రిడ్జి ఎక్కిస్తున్నారు, సగంలో ట్రాఫిక్ ఆగింది. మళ్లీ కదిలేటప్పుడు బ్రేక్ మీంచి కాలు తీసి యాక్సిలరేటర్ మీద వేసేలోపు బండి వెనక్కి జారిపోయింది, క్లచ్ ఎప్పుడు వదలాలో తెలీక ఇంజిన్ ఆఫ్ అయిపోయింది, ఇంకా జారుతోంది. హ్యాండ్ బ్రేక్ ఉందన్న సంగతే ఆయనకి గుర్తు రాలేదు. వెనకాల స్కూటర్ మీద మొగుడూ పెళ్లాం, మధ్యలో చంటిపిల్ల. మా బంపర్ తగిలి స్కూటర్ ఒరిగిపోయింది, ఆవిడ పిల్లని గుండెకి అదుముకుని పక్కకి దూకింది. దిగి చూస్తే ఆ పిల్ల చెప్పు ఒకటి మా టైరు కింద ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. ఆయన మాత్రం ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టుకోలేదు, తర్వాత చాలా రోజులు తెల్లారుజామున ఖాళీ రోడ్డు మీదకెళ్లి ఆ ఒక్క పనే నేర్చుకున్నారు. నాకు నేర్పించింది కూడా ఆయనే, మొదటి పాఠం అదే.

నువ్వూ అలాగే చెయ్యి. ఎత్తు మీద ఆగితే హ్యాండ్ బ్రేక్ లాగు, ఫస్ట్ గేర్ వెయ్యి, క్లచ్ మెల్లగా వదులు. ఒకచోట ఇంజిన్ చప్పుడు బరువెక్కుతుంది, బండి ముందుభాగం కాస్త లేచినట్టుంటుంది, అక్కడ కాలు ఆపి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించు. వెనకవాడు హారన్ కొడితే కొట్టనీ, కంగారు పడకు. ఇది రాకుండా టెస్ట్‌కి స్లాట్ బుక్ చేస్తే ఊరుకోను. ఫెయిలైతే ఏమవుతుంది, ఇంకోసారి వెళ్తావు, అంతేగా.

రివర్స్‌లో అద్దాలు చూసుకో, మెడ కూడా తిప్పి చూడు. ఇంకోటి, తమ్ముడు బతిమాలినా తాళాలు ఇవ్వకు, వాడికి 18 నిండలేదు. పట్టుబడితే మీ నాన్నకి 25,000 ఫైన్, మూడేళ్ల వరకూ జైలు కూడా పడొచ్చు, వాడికేమో పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సే ఇవ్వరు, 2019లో చట్టం మార్చారు.

కోప్పడ్డానని అలగకు తల్లీ. నువ్వు బాగా నడుపుతావు, నాకు తెలుసు, చిన్నప్పుడు సైకిల్ ఎవరూ పట్టుకోకుండానే నేర్చుకున్నావు. ఎల్ఎల్ఆర్ రాగానే ఫోన్ చెయ్యి, ఆదివారాలు నేనొచ్చి పక్కన కూర్చుంటా, ముందు ఎత్తు రోడ్డుకే వెళ్దాం.

మీ పెద్దమ్మ