రెండు ఆఫర్లు, ఒక అల్లుడు

ఒరే అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. బెంగళూరు వాళ్లు 18 లక్షలంటున్నారు, వైజాగ్ మధురవాడలో కంపెనీ 12 అంటోంది, ఏటి చెయ్యమంటావు మావయ్యా అన్నావు. ముందు ఆ 18నీ 12నీ పక్కపక్కన పెట్టి చూడ్డం మానెయ్. అవి సీటీసీలురా, కంపెనీ వేసే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, వేరియబుల్ అన్నీ అందులోనే కలిపేస్తారు. గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్లు చేస్తే గానీ చేతికి రాదు, వేరియబుల్ అంటే పనితీరు చూసి ఇచ్చేది, అది వాళ్ల దయ. నెలనెలా అకౌంట్లో ఎంత పడతాది అన్నదే అడుగు.

టాక్స్ కూడా చూసుకో, 2025-26 నుంచి కొత్త టాక్స్ రెజీమ్‌లో జీతం 12.75 లక్షల దాకా ఏమీ పడదు కాబట్టి వైజాగ్ ఆఫర్‌కి సున్నా, 18 మొత్తం జీతమే అనుకుంటే సెస్‌తో కలిపి లక్షన్నర పోతాది. బెంగళూరులో ఇంటికి అడ్వాన్సే ఐదారు నెలలది కట్టించుకుంటారు, ఖాళీ చేసినప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి అందులో ఒక నెలది కోసేస్తారు.

ఇంక రాకపోకలు. బెంగళూరులో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి గానీ విజయనగరంలో దిగవు. సంక్రాంతికి రావాలంటే అరవై రోజుల ముందు పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి, ఓటీపీ వచ్చేలోపు వెయిటింగ్ లిస్ట్ అయిపోతాది, ఆ తర్వాత ప్రైవేట్ బస్సువాడు ఎంతంటే అంత. మన పైడితల్లమ్మ సిరిమానోత్సవం మంగళవారం పడతాది, దానికి లీవ్ అడిగితే మీ మేనేజర్‌కి ఏటని చెప్తావు? బావకి మోకాళ్ల ఆపరేషన్ అన్నారు కదా, అప్పుడు నువ్వు మధురవాడలో ఉంటే సాయంత్రం బస్సెక్కి తగరపువలస మీదుగా రాత్రి భోజనానికి విజయనగరం బస్ కాంప్లెక్స్‌లో దిగిపోతావు. అలాగని రోజూ అప్ అండ్ డౌన్ మాత్రం పెట్టుకోకు, ఒళ్లు హూనమైపోతాది, అక్కడే రూమ్ తీసుకుని శనాదివారాలు రా.

ఇదంతా విని వైజాగే అనుకోకు. అక్కడ కంపెనీలు తక్కువ, నచ్చకపోతే ఇంకోటి దొరకడానికి టైం పడతాది, బెంగళూరులో ఆ బాధ లేదు. గూగుల్ డేటా సెంటర్ వస్తోందని బావ తెగ సంబరపడిపోతున్నాడు గానీ (2025 అక్టోబర్‌లో 1500 కోట్ల డాలర్లని ప్రకటించారు, నిజమే) డేటా సెంటర్లో సర్వర్లెక్కువ మనుషులు తక్కువ, దాన్ని చూసుకుని నీ లెక్క వెయ్యకు. పని ఏటన్నది చూడు. మధురవాడలో ఇచ్చేది నైట్ షిఫ్ట్ సపోర్ట్ అయితే కళ్లు మూసుకుని బెంగళూరు పో, ఈ వయసులో చేతికి పని రాకపోతే తర్వాత కష్టం. మంచి డెవలప్‌మెంట్ పనే అయి, ఖర్చులు పోగా నెలకి మిగిలేదాంట్లో తేడా ఇరవై వేల లోపే అయితే నేనైతే వైజాగే అంటాను.

ఇద్దరి హెచ్ఆర్‌లకీ ఇవాళే మెయిల్ పెట్టి శాలరీ బ్రేకప్ తెప్పించుకో, ఏ టీమో ఏ షిఫ్టో కూడా మెయిల్లోనే రాయించు, ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. అవి నాకు వాట్సాప్ చెయ్యి, కలిసి చూద్దాం. అప్పటిదాకా మీ అమ్మతో ఏ ఊరూ అనకు, వైజాగ్ అన్నావంటే అక్క రేపే గిన్నెలు సర్దేస్తాది.

మీ మావయ్య