లివర్‌లో గడ్డకు సూది పరీక్ష చేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ప్రొద్దుటూరు. మా నాన్నకు 58 ఏళ్లు. హెపటైటిస్-బి ఉంది. రెండేళ్ల కిందట లివర్ సిర్రోసిస్ అన్నారు. మొన్న స్కానింగ్‌లో లివర్ ఎడమ వైపు 2 సెం.మీ. గడ్డ కనిపించింది. సీటీ తీస్తే ‘క్యాన్సర్ అనుమానం’ అని రాశారు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో ముక్క తీయాలంటున్నారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని మా మేనమామ వద్దంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: మీ మేనమామ మాటను పూర్తిగా కొట్టిపారేయను. చర్మం మీంచి లివర్‌లోకి సూది పెట్టినప్పుడు, ఆ సూది దారిలో క్యాన్సర్ కణాలు నాటుకోవడం సుమారు నూటికి ఇద్దరు ముగ్గురిలో కనిపించింది. ఎండోస్కోపీ దారిలో ఇది అరుదే కానీ, అసలు ఉండదని చెప్పలేం. కాబట్టి ముక్క అవసరమా అన్నదే ముందు తేల్చుకోవాలి.

సిర్రోసిస్ ఉన్నవారికి చాలాసార్లు అవసరం పడదు. రంగు మందు ఎక్కించి, దశలవారీగా తీసే సీటీ లేదా ఎంఆర్ఐలో గడ్డ మొదట బాగా మెరిసి, తర్వాత చుట్టూ ఉన్న లివర్ కంటే మసకబారితే లివర్ క్యాన్సర్ అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. మీరు తీయించిన సీటీ అలాంటిదేనా, మామూలుదా? రిపోర్టులో చూడండి. మామూలుదైతే ముందు సరైన స్కాన్ చేయించండి. లివర్ క్యాన్సర్‌లో పెరిగే ఏఎఫ్‌పీ అనే పదార్థం రక్త పరీక్షలో నార్మల్‌గా ఉందని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి. తొలి దశలో అది పెరగకపోవచ్చు.

స్కాన్‌లో తేలకపోతే అప్పుడు మీ డాక్టర్ సలహా సబబే. నోటి నుంచి దించే ఈ ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ గొట్టం చివర చిన్న స్కానింగ్ యంత్రం ఉంటుంది. లివర్ ఎడమ భాగం జీర్ణాశయాన్ని ఆనుకునే ఉంటుంది కనుక, పక్కింటి గోడ మీంచి తొంగి చూసినంత దగ్గరగా గడ్డ కనిపిస్తుంది. పొట్టలో నీరు చేరినవారికి బయటి నుంచి సూది వేయడం కష్టం, వారికి కూడా ఈ దారి పనికొస్తుంది. పక్కనున్న లింఫు గ్రంథులనూ చూడొచ్చు. కుడి వైపు పైభాగం మాత్రం దీనికి సరిగా అందదు. మీ నాన్నగారి గడ్డ ఎడమ వైపు ఉండటం ఈ పరీక్షకు కలిసొచ్చే విషయం.

పరీక్షకు ముందు ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు చూస్తారు. రక్తం పలుచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. సిర్రోసిస్‌లో అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బి ఉండొచ్చు, ఆ సంగతీ గుర్తు చేయండి. మత్తిచ్చి చేస్తారు కాబట్టి ఎన్ని గంటల ముందు నుంచి ఏమీ తినకూడదో అడిగి తెలుసుకోండి. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు. తర్వాత విపరీతమైన కడుపునొప్పి, జ్వరం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రండి.

ఇదే గొట్టంతో గడ్డను కాల్చే, గడ్డలోకి ఆల్కహాల్ ఎక్కించే చికిత్సలూ కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో చేస్తున్నారు. అయితే అవి ఇంకా అందరికీ చేసే చికిత్సలు కావు. క్యాన్సరే అని తేలినా 2 సెం.మీ. గడ్డ అంటే తొందరగా పట్టుబడినట్టే. లివర్ పనితీరును బట్టి ఆపరేషన్, బయటి నుంచి సూదితో కాల్చడం, లివర్ మార్పిడి వంటి దారులున్నాయి. ఈలోగా పసరు మందుల జోలికి మాత్రం పోవద్దు, ఉన్న లివర్ కూడా దెబ్బతింటుంది. హెపటైటిస్-బి మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు.

మీ అమ్మగారికి, మీకు, తోబుట్టువులకు హెపటైటిస్-బి పరీక్ష చేయించండి. లేనివాళ్లు టీకా వేయించుకోవాలి. లివర్ నిపుణుడి దగ్గరికి వెళ్లేటప్పుడు సీటీ రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్లి సరిపెట్టకండి, సెంటర్ వాళ్లను అడిగి స్కాన్ సీడీ కూడా పట్టుకెళ్లండి.