బస్తీ ఆడవాళ్ల తరఫున నిలబడి పరిశోధన చేయవచ్చా?

ప్రశ్న అడిగినవారు సోషియాలజీ విద్యార్థి. బస్తీ ఆడవాళ్ల అప్పుల మీద థీసిస్ రాస్తున్నారట. గైడ్ నిష్పాక్షికంగా ఉండమంటున్నారు, తనకేమో వాళ్ల తరఫున నిలబడాలని ఉంది, ఏది సరైనదని అడిగారు.

నిలబడండి. కానీ వాళ్లు చెప్పినదంతా రాయండి. ఈ రెండో పని చేసేవాళ్లే కరువు.

2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మైక్రో ఫైనాన్స్ కంపెనీల (పేద ఆడవాళ్లను గ్రూపులుగా చేసి చిన్న అప్పులిచ్చేవాటి) మీద ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలతో పేపర్లు నిండిన రోజులవి. ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక స్వచ్ఛంద సంస్థ సర్వేలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. ఫారంలో మొదటి ప్రశ్నే "అప్పు వల్ల మీ కుటుంబానికి ఏమేం నష్టాలు జరిగాయి?" అని. నష్టం జరిగిందని ముందే తేల్చేశారన్నమాట.

హైదరాబాద్‌లో బోరబండ వైపు ఇడ్లీ బండి నడిపే ఒక పెద్దామె ఆ ప్రశ్న విని నవ్వింది. "లోను లేకుంటే ఈ బండి యాడికెల్లి వస్తుండె బిడ్డా? కిస్తీ కట్టని వారం మా గ్రూపోళ్లే ఇంటి ముంగట కూసొని ఇజ్జత్ తీసిన్రు. రెండూ రాస్కో" అంది. ఫారంలో చోటు లేక వెనక పేజీలో రాశాను. సాయంత్రం కోఆర్డినేటర్ సార్ చదివి, "మొదటి ముక్క తీసేయమ్మా, కంపెనీలవాళ్లు దీన్నే పట్టుకుంటారు" అన్నారు. తీయనన్నాను. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఆ ఫారమే రిపోర్టులోకి వెళ్లలేదు. ఆయన నిజంగా పేదల కోసం తపించే మనిషి, అందుకే నాకు మరీ బాధేసింది. అప్పుతో బండి పెట్టుకున్న ఆమె తెలివిని కొట్టేసి, ఉత్త బాధితురాలిగా చూపించే హక్కు మనకెవరిచ్చారు?

ఇదే హైదరాబాద్‌లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం 104 బస్తీల్లో అధ్యయనం చేసింది. సగం బస్తీల్లో ముందుగా మైక్రో ఫైనాన్స్ శాఖలు తెరిపించి, మిగతావాటితో పోల్చి చూశారు. 2015లో అచ్చైన ఫలితం ప్రకారం చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి కొంత పెరిగింది. చదువులో, ఆరోగ్యంలో, ఆడవాళ్ల సాధికారతలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పేదరికం పోతుందన్నవాళ్లకు గానీ, అప్పంటే ఉరితాడేనన్నవాళ్లకు గానీ ఇది రుచించే ఫలితం కాదు. అలాంటి ఫలితాన్నే నేను నమ్ముతాను.

గైడ్లు జర్మన్ సోషియాలజిస్టు మాక్స్ వెబర్ పేరు చెప్పి విలువలను గుమ్మం బయట వదలమంటారు. ఏ ప్రశ్న అడగాలో మన విలువలే నిర్ణయిస్తాయని ఆ వెబరే ఒప్పుకున్నాడు. 1967లో "మనం ఎవరి పక్షం?" అని అడిగిన అమెరికన్ సోషియాలజిస్టు హోవర్డ్ బెకర్ కూడా, మనకు ఇష్టమైన నమ్మకం తప్పని తేలే వీలుండేలా పరిశోధన చేయమన్నాడు.

ఇంకో మాట. ఇంగ్లీషులో తయారైన ప్రశ్నలను పుస్తకాల తెలుగులోకి దింపి, ఫారానికింత అని డబ్బులిచ్చి మమ్మల్ని పరిగెత్తించేవారు. అలా పరిగెత్తేవాళ్లు వెనక పేజీ దాకా ఎందుకు రాస్తారు? రిపోర్టు మాత్రం ఏసీ హాల్లో విడుదలవుతుంది. బస్తీకి ఎవరూ తిరిగి రారు.

మీరు మీ థీసిస్‌లో ఆ ఆడవాళ్లు చెప్పినవి తేలిక తెలుగులో రాసి, సమర్పించకముందే బస్తీలో చదివి వినిపించండి. వాళ్లు కాదన్నదాన్ని కూడా చేర్చండి. గైడ్ అభ్యంతరం చెబితే, వైవా దాకా వెళ్లినా సరే, ఆ పేజీలు మాత్రం తీయకండి.