మసాలా డబ్బా మూత తెరవకు

బుజ్జమ్మకు, అత్త ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు "అత్తా, నాలుక కొనుక్కొచ్చాను గానీ దాన్ని చూస్తేనే గుండె దడగా ఉంది" అంటే నవ్వేశాను. ఫోను పెట్టేశాక నా మొదటిసారి గుర్తొచ్చింది. రెండు రోజులు ఫ్రిజ్ కింది అరలో దాచి, తలుపు తీసిన ప్రతిసారీ అటు చూడకుండా పాల డబ్బా తీసుకునేదాన్ని. కాబట్టి నిన్ను చూసి నవ్వే హక్కు నాకు లేదు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావని కూర్చుని రాస్తున్నాను. శనివారానికి ఇంకా నాలుగు రోజులుంది, రెండుసార్లు చదువుకో.

నీతో పనిచేసే మెక్సికన్ అమ్మాయి వాళ్ళ అమ్మ వండిన లెంగువా, అదే ఆవు నాలుక కూర, తిని, అదే వంట వాళ్ళకే వండి పెడతానని మాట ఇచ్చి వచ్చావు. కొల్లేటి ఊళ్ళో చేపల పులుసు పెడతాననడం లాంటిదది. అయినా సరే, మాట ఇచ్చావు కాబట్టి వండాల్సిందే. అన్నిటికంటే ముందు ఒక్కటి గుర్తు పెట్టుకో: శనివారం ఉదయం మసాలా డబ్బా అటక మీద పెట్టేయి. పసుపు, ధనియాల పొడి, గరం మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద, ఏదీ వద్దు. మన చేతికి ఒక అలవాటుంది, మాంసం కనబడగానే అది పసుపు వైపు పోతుంది. ముప్పై ఏళ్ళుగా టెక్సాస్‌లో ఈ శాన్ ఆంటోనియోలో ఉంటున్నా నా చేయి ఇప్పటికీ పోతుంది. పసుపు పడిందంటే అది మీ నాయనమ్మ ఇగురు అవుతుంది. ఆ ఇగురు నాకు ప్రాణం, కానీ వాళ్ళు తినడానికి వచ్చేది దాని కోసం కాదు.

మీ నాయనమ్మ ఎలా చేసేదో నీకు తెలియదు, నువ్వు పుట్టేసరికే ఆమె పొయ్యి దగ్గర కూర్చోవడం మానేసింది. పెద్దకూర తెచ్చిన ఆదివారం నాలుక దొరికితే మరిగే నీళ్ళు పోసి, కత్తితో పైతోలు గీకి గీకి తెల్లగా చేసి, చిన్న ముక్కలు కోసి, కారం దట్టించి ఇగురు పెట్టేది. ఆ గీకడం నా వంతు. అందుకే ఇక్కడ మొదటిసారి నేనూ పచ్చి నాలుక మీద కత్తి పెట్టి గంటసేపు కుస్తీ పట్టాను. అప్పట్లో మా పక్కింట్లో మెక్సికోలోని పువెబ్లా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. వంటింటి కిటికీలోంచి నా అవస్థ చూసి వచ్చి, కత్తి లాక్కుని పక్కన పెట్టి, కుండ వైపు వేలు చూపించింది. నాకు స్పానిష్ రాదు, ఆమెకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. స్పానిష్‌లో లెంగువా అంటే నాలుక, భాష రెండూనట. భాష కుదరక మేమిద్దరం నాలుక ముందు పెట్టుకుని స్నేహం చేసుకున్నాం.

ఇక నీ నాలుక సంగతి. మూడున్నర పౌండ్లు అన్నావు, అంటే కిలోన్నర పైమాట. మంచి సైజు. ఉడికి, తోలు పోయి, మొదట్లోని కొవ్వు, గ్రంథులు తీసేశాక మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. ఆరుగురికి సరిపోతుంది, ఎనిమిది మందికి చాలదు. ఎనిమిది మంది వస్తే రెండు కొను. ధర చూసి ఉలిక్కిపడ్డానన్నావు కదా. ఆవుకు నాలుక ఒక్కటే. పైగా అమెరికా నుంచి నాలుకలను ఎక్కువగా కొనేది జపాన్ వాళ్ళు, పలచగా కోసి నిప్పుల మీద కాల్చుకు తింటారు. ఒకప్పుడు ఇక్కడ చవక మాంసం, ఇప్పుడు కాదు. పైన నల్లటి మచ్చలున్నాయని పాడైందనుకోకు. కొన్ని పశువులకు నాలుక మీద ఆ రంగు పుట్టుకతోనే ఉంటుంది. గడ్డకట్టి ఉంటే గురువారమే ఫ్రిజ్‌లోకి దింపు, కరగడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. బల్ల మీద పెట్టి కరిగించకు.

వండేది శుక్రవారం రాత్రి. శనివారం అతిథులు వచ్చే రోజున మొదలుపెడితే నీకు చెమటలు పడతాయి. ముందు చన్నీళ్ళ కింద పెట్టి కళ్ళుప్పుతో బాగా రుద్ది కడుగు. పెద్ద గిన్నెలో నాలుక పెట్టి రెండంగుళాలు మునిగేలా నీళ్ళు పోయి. ఒక ఉల్లిపాయను రెండు చెక్కలు చేసి, వెల్లుల్లి గడ్డను అడ్డంగా కోసి వేయి. పది మిరియాలు, ఒక పెద్ద చెంచా ఉప్పు, మూడు లారెల్ ఆకులు. ఈ ఆకు మన బిర్యానీ ఆకు కాదు సుమా. చూడటానికి చుట్టాల్లా ఉంటాయి గానీ మనదాంట్లో దాల్చినచెక్క వాసన వస్తుంది, ఈ కుండలో ఆ వాసన పనికిరాదు. అక్కడి అంగట్లో లారెల్ అని అడిగితే ఇస్తారు.

మరుగు వచ్చాక పైన తేలిన నురగ తీసేసి, మంట బాగా తగ్గించు. నీళ్ళు కుతకుతలాడకూడదు, అక్కడక్కడ ఒక బుడగ లేస్తే చాలు. మూత కాస్త ఓరగా పెట్టి మూడున్నర గంటలు, ఒక్కోసారి నాలుగు. నాలుక తేలుతుంది, పైన ఒక పింగాణీ పళ్ళెం బోర్లించు. కుక్కర్లో అయితే ఆవిరి బాగా పట్టాక గంటంబావు, తర్వాత ఆవిరి దానంతటదే దిగనివ్వాలి. కుక్కర్‌ను మూడింట రెండు వంతులకు మించి నింపకు. నేను కుండలోనే పెడతాను, ఆ వాసన ఇల్లంతా తిరగడం నాకిష్టం. కానీ నీకు చిన్నపిల్లలున్నారు, కుక్కరే వాడుకో, నేనేమీ అనుకోను. ఉడికిందో లేదో గడియారాన్ని అడగకు, లావుగా ఉన్న చోట సన్నటి కత్తి గుచ్చు. ఉడికిన చిలగడదుంపలోకి దిగినట్టు దిగాలి. కొంచెం అడ్డుపడినా ఇంకో అరగంట ఉంచు. నాలుక ఎక్కువ ఉడికి పాడవడం అరుదు, తక్కువ ఉడికితే మాత్రం రబ్బరే.

ఇప్పుడు తోలు. ఈ వంటలో చాలామంది ఓడిపోయేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదువు. కుండలోంచి తీసి ఐదు నిమిషాలు ఆగు, అంతకంటే ఆగకు. చల్లారిన తోలు మాంసాన్ని పట్టుకుని ఊడనంటుంది. ఒకసారి నేను సీరియల్ అయ్యేదాకా చూసి వచ్చాను. ఆ రాత్రి తోలుతో పాటు మాంసమూ ఊడి వచ్చి, కిలోన్నర నాలుకలో మిగిలింది చూసి మీ మామయ్య ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. లోపల నూలు చేతి తొడుగులు, పైన రబ్బరు తొడుగులు వేసుకో. పైభాగాన కత్తి మొనతో నిలువుగా ఒక గీత గీసి, అంచు పట్టుకుని లాగు. బాగా ఉడికి ఉంటే ఉడికించిన గుడ్డు పెంకు లోపలి పొరలా పొరలు పొరలుగా వచ్చేస్తుంది. అడుగు వైపు తోలు పలచన, అది మొండికేస్తుంది. అక్కడ కత్తితో చెక్కేయి, పంతానికి పోకు. మధ్యలో చల్లారిపోతే మళ్ళీ వేడి రసంలో రెండు నిమిషాలు ముంచు. గొంతు వైపు మందంగా ఉన్న చోట కొవ్వు, మెత్తటి గ్రంథులు, ఒక్కోసారి చిన్న ఎముక ముక్క తగులుతాయి, అవన్నీ తీసేయి. ఆ తర్వాత నీ ముందు ఉండేది నాలుకలా కనబడదు, మామూలు మాంసం ముక్కే. నీ గుండె దడ అక్కడితో పోతుంది.

ఉడికిన రసాన్ని పారబోయకు, వడగట్టి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టు. తోలు తీసిన నాలుకనూ కాస్త రసం పోసి మూత పెట్టి పక్కనే పెట్టు. తెల్లారి చల్లగా గట్టిపడి ఉంటుంది కాబట్టి ముక్కలు అంచులు చెదరకుండా వస్తాయి. అడ్డంగా, వేలి మందం కంటే సన్నగా కోయి.

శనివారం చేయాల్సింది సాల్సా వెర్దే, అంటే పచ్చ సాస్. ఎర్ర టమాటా కాదు, టొమాటిల్లో కావాలి. పైన ఎండు కాగితం లాంటి తొడుగు ఉంటుంది. మన పొలం గట్ల మీద బుడ్డకాశ కాయలు ఏరుకుని తినేవాళ్ళం కదా, దానికి దగ్గరి చుట్టమే ఇది, ఒళ్ళు పెద్దది. పౌండున్నర కొను, పన్నెండు పధ్నాలుగు కాయలు తూగుతాయి. తొడుగు నిండుగా ఉండి కాయ గట్టిగా ఉన్నవి ఎంచుకో. తొడుగు వలిచాక చేతికి జిగురుగా తగులుతుంది, గోరువెచ్చటి నీళ్ళతో కడిగేయి. వాటితో పాటు మూడు సెర్రానో మిరపకాయలు, అర ఉల్లిపాయ, మూడు వెల్లుల్లి రేకలు. నీ అతిథుల్లో పిల్లలుంటే సెర్రానో ఒక్కటి తగ్గించు.

కాయల్ని నీళ్ళలో ఉడికించవచ్చు, పెనం మీద కాల్చవచ్చు. మెక్సికోలో కాల్చే పెనాన్ని కొమాల్ అంటారు, మన దోసె పెనమే అనుకో. ఉడికిస్తే పులుపు తేటగా ఉంటుంది, కాలిస్తే కాస్త పొగవాసన, కొంచెం తీపి. నాలుకకు నా ఓటు ఉడికించడానికే. చిలకాకుపచ్చ రంగు పోయి ముదురు ఆలివ్ రంగు రాగానే, కాయ పగలకముందే తీసేయాలి, ఆరేడు నిమిషాల పని. వాటిని, మిరపకాయల్ని, ఉల్లి వెల్లుల్లితో కలిపి గుప్పెడు కొత్తిమీర కాడలతో సహా వేసి మిక్సీలో తిప్పు. వెన్నలా అక్కరలేదు, గరుకుగానే ఉండనివ్వు. మా పక్కింటావిడ దగ్గర నల్లరాతితో చేసిన మూడు కాళ్ళ రోలు ఉండేది, మోల్కహేటే అంటారు. చేత్తో నూరితే వచ్చే రుచి గురించి ఆమె చెప్పేవన్నీ రోటి పచ్చడి గురించి మనం చెప్పేవే. నీ దగ్గర రోలు లేదు, మిక్సీతో కానివ్వు.

ఇప్పుడు అసలైన పని. దళసరి గిన్నెలో రెండు పెద్ద చెంచాల పంది కొవ్వో నూనెనో బాగా కాగాక, నూరిన సాస్ అంతా ఒక్కసారిగా పోయి. చిటపటమని ఎగసి పడుతుంది, మూత అడ్డం పెట్టుకో, చీర కట్టుకుని ఈ పని చేయకు. మనం పోపు చివర వేస్తాం, వీళ్ళు మొత్తం సాస్‌నే పోపులో వేస్తారు. మంట తగ్గించి ఎనిమిది పది నిమిషాలు కలుపుతూ ఉంటే పచ్చి పులుపు విరిగి, రంగు ముదిరి, చిక్కబడుతుంది. ఈ పది నిమిషాలు ఎగ్గొడితే నీ అతిథులు మర్యాదకు తింటారు గానీ రెండోసారి వడ్డించుకోరు. మరీ పుల్లగా ఉంటే చిటికెడు పంచదార. ఉప్పు ఇప్పుడే వేయకు, రసంలో ఉప్పుంది.

ఇంటికి పెద్దకూర తినని వాళ్ళు వస్తే పంది కొవ్వు కాకుండా నూనె వాడి, ఇక్కడే ఆగి, కొంత సాస్ వేరే గిన్నెలోకి తీసి ఉడికించిన బంగాళదుంపలు వేయి. మాంసం రసం కలిపాక తీస్తే మాట పోతుంది. గరిటెలు కూడా వేరు పెట్టు, అడగకముందే వాళ్ళకు ఆ సంగతి చెప్పు.

మిగిలిన సాస్‌లో నిన్నటి రసం ఒకటిన్నర కప్పు పోసి, ముక్కలు పరిచి, సన్నటి మంట మీద పాతిక నిమిషాలు ఉంచు. గరిటెతో తిప్పకు, ముక్కలు విరుగుతాయి. గిన్నె చెవులు పట్టుకుని ఊపు చాలు. చివర ఉప్పు చూడు.

ఎర్ర సాస్ చేయనా అని అడిగావు. వచ్చేసారి చేయి. దానికి గ్వాహీయో, ఆంచో ఎండు మిరపకాయలు కావాలి. తొడిమలు, గింజలు తీసి, పెనం మీద కొన్ని సెకన్లు మాత్రమే వేడి చూపించి, వేడినీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి రుబ్బి వడగట్టాలి. నల్లబడితే చేదు. గ్వాహీయో మన బ్యాడిగి కాయ లాంటిది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఒకసారి అది దొరక్క, ఎనిమిది గ్వాహీయోల బదులు లెక్కకు లెక్క ఎనిమిది గుంటూరు కాయలు వేశాను. రంగు అద్భుతంగా వచ్చింది. పక్కింటావిడ భర్త ఒక్క ముద్ద తిని, లేచి వెళ్ళి వరుసగా మూడు గ్లాసుల నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి కూర్చుని కేవలం టోర్టియా, అంటే వాళ్ళ పలచటి రొట్టె, తిన్నాడు. మిరపకాయ మన దేశానికి వచ్చిందే అటునుంచి, పోర్చుగీసు ఓడల్లో. పుట్టింటి వాళ్ళకే మనం దాన్ని చూపించి భయపెట్టామని ఆ ఇంట్లో చాలా కాలం చెప్పుకుని నవ్వారు.

టోర్టియా మొక్కజొన్నదే తీసుకో. గోధుమది టెక్సాస్‌లో, ఉత్తర మెక్సికోలో బాగా తింటారు గానీ ఈ పుల్లటి సాస్‌కు మొక్కజొన్నే జత. ఆ గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బుతారు, ఆ కమ్మటి వాసన దాని వల్లే. నూనె లేకుండా పెనం మీద రెండు వైపులా మచ్చలు వచ్చేదాకా కాల్చి, బట్టలో చుట్టి బల్ల మీద పెట్టు. పక్కన సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మ చెక్కలు. ఎర్ర అన్నం కూడా చేయాలనుకుంటే నీళ్ళ బదులు మిగిలిన రసం పోసి వండు. నెయ్యి వేయకు, జీలకర్రతో పోపు పెట్టకు, అడుగుతున్నాను.

మిగిలితే మూడు నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉంటుంది. మర్నాడే రుచి ఎక్కువ. మా ఊళ్ళో ఆదివారం పొద్దున్నే బార్బకోవా, అంటే నిదానంగా మెత్తగా వండిన మాంసం, అమ్మే దుకాణాల ముందు చర్చి బట్టల్లోనే జనం బారులు తీరతారు, లెంగువా పౌండ్ల లెక్కన తూచి ఇస్తారు. రాత్రి డ్యూటీ దిగి వస్తూ నేనూ ఎన్నోసార్లు ఆ వరుసలో నిలబడ్డాను. నువ్వు ఆదివారం మిగిలిన ముక్కల్ని చిన్నగా తరిగి, పెనం మీద అంచులు కరకరలాడేలా వేయించి టోర్టియాలో పెట్టుకుని తిను. అది అతిథులకు పెట్టనక్కరలేదు.

శుక్రవారం తోలు తీసేటప్పుడు కావాలంటే వీడియో కాల్ చేయి. తొమ్మిది దాటితే మాత్రం నేను నిద్రపోతాను.

ప్రేమతో,
మీ అత్త