లెక్కల మాస్టారి జవాబులు: సి.ఎఫ్. ఎవరిది, టాస్ ఎవరిది?

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ ఉత్తరాల్లో టెన్షన్ పెరుగుతోంది, ఈ మధ్య పిల్లలతో పాటు అమ్మానాన్నలు కూడా రాస్తున్నారు. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఈసారి సాంఖ్యకం, సంభావ్యత, శాతాల మీద వచ్చినవి మాత్రం ఏరాను.

ప్రశ్న: మాస్టారూ, నాది పదో తరగతి. మధ్యగతం సూత్రం బట్టీ పట్టేశాను కానీ అందులో సి.ఎఫ్. (సంచిత పౌనఃపున్యం, అంటే అంతవరకూ కూడుకుంటూ వచ్చిన లెక్క) మధ్యగతం పడే తరగతిదా (అదే, పట్టికలో 20–30 లాంటి గుంపు), దాని ముందు తరగతిదా అన్నది పరీక్షలో ప్రతిసారీ మర్చిపోతున్నాను. ఏదైనా చిట్కా చెప్పండి.
– ఒక విద్యార్థిని, గాజువాక

చిట్కా చెప్పనమ్మా. చెబితే దాన్ని కూడా మర్చిపోతావు. దానికంటే ఒకసారి గ్రౌండులోకి రా.

మీ క్లాసులో 40 మంది ఉన్నారనుకో. ఇంటి నుంచి బడికి రావడానికి ఎవరికి ఎన్ని నిమిషాలు పడుతుందో అడిగి రాశావు. పది నిమిషాల లోపు వచ్చేవాళ్ళు 6, పది నుంచి ఇరవై లోపు 9, ఇరవై నుంచి ముప్పై లోపు 15, ముప్పై నుంచి నలభై లోపు 7, ఇక పరవాడ వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చే ముగ్గురికి నలభై నుంచి యాభై. ఇప్పుడు అందర్నీ వరసలో నిలబెట్టు, తక్కువ టైము పట్టేవాళ్ళు ముందు, ఎక్కువ పట్టేవాళ్ళు వెనక. మధ్యగతం అంటే ఆ వరస మధ్యలో నిలబడ్డవాడి టైము, అంతకంటే ఏమీ లేదు. 40లో సగం 20 కాబట్టి ఇరవయ్యో వాడి దగ్గరికి నడు. మొదటి 6 మందిని దాటావు, తరవాత 9 మందిని దాటావు, మొత్తం 15 మంది అయ్యారు, ఇంకా ఐదుగురు కావాలి. వాళ్ళు తరవాతి గుంపులో ఉన్నారు. ఆ గుంపులోకి అడుగుపెట్టే ముందు నువ్వు దాటేసి వచ్చిన వాళ్ళ లెక్క ఉంది చూశావూ, అదే సి.ఎఫ్. ఇంకా దాటని వాళ్ళని ఎలా కలుపుతావు?

మిగతా సూత్రం కూడా ఇందులోనే ఉంది. ఆ గుంపులో 15 మంది 20కీ 30కీ మధ్య, అంటే పది నిమిషాల్లో, సమానంగా సర్దుకుని ఉన్నారని అనుకుంటాం (నిజంగా అలా ఉండరు, కానీ వాళ్ళ అసలు టైముల్ని పట్టిక వేసినప్పుడే పారేశాం కదా, వేరే దారి లేదు). ఒక్కొక్కరి వంతుకి 10/15 నిమిషం, ఐదుగురికి 3.33 నిమిషాలు. 20కి అది కలిపితే 23.33. సూత్రంలో వేసి చూడు, 20 + ((20 – 15)/15) × 10, అదే వస్తుంది.

పొరపాటున సి.ఎఫ్. దగ్గర 15 బదులు 30 వేశావనుకో, జవాబు 13.33 వస్తుంది. నువ్వు వెతుకుతున్న మనిషి 20–30 గుంపులో ఉన్నాడని తెలిసి కూడా 13 వచ్చిందంటే ఎక్కడో కాలు జారినట్టే, పేపరు ఇచ్చేసే ముందే దిద్దుకోవచ్చు. నా విద్యార్థుల్లో చాలామంది జవాబు కింద రెండు గీతలు గీస్తారు గానీ అది ఆ తరగతిలోనే ఉందో లేదో చూడరు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంకొక్క మాట. ఇదే క్లాసుకి సగటు కడితే 23 వస్తుంది. పరవాడ ముగ్గురిలో ఒకడు భీమిలికి మారిపోయి రెండు గంటలు ప్రయాణం చేసి వస్తున్నాడనుకో, సగటు 24.9 దాకా లేస్తుంది, మధ్యగతం మాత్రం కదలదు. వరసలో చివరివాడు ఇంకా వెనక్కి జరిగితే మధ్యవాడికేం?

ప్రశ్న: రెండు నాణేలు ఎగరేస్తే రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, లేదా ఒకటి బొమ్మ ఒకటి బొరుసు. మూడే కదా. మరి ఒకటి బొమ్మ ఒకటి బొరుసు పడే సంభావ్యత 1/3 ఎందుకు కాదు?
– తొమ్మిదో తరగతి, సీతమ్మధార

సిగ్గుపడాల్సిన తప్పు కాదు బాబూ, ఇలాంటిదే చేసినవాడు చిన్నవాడేమీ కాదు. ఫ్రాన్సు గణితవేత్త డాలంబేర్ 1754లో విజ్ఞాన సర్వస్వంలో రాస్తూ, రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే అవకాశం 2/3 అన్నాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయింది, లేదంటే రెండోసారి పడుతుంది, అదీ లేదంటే అసలు పడదు, ఇవి మూడే రకాలు, అందులో రెండు మనకి అనుకూలం, ఇదీ ఆయన లెక్క. అసలు జవాబు 3/4.

మీ ఇద్దరూ రకాల్ని లెక్కపెట్టారు, అవి సమానంగా పడతాయో లేదో చూడలేదు. ఒక రూపాయి బిళ్ళ, ఒక ఐదు రూపాయల బిళ్ళ తీసుకో. రూపాయి బొమ్మ, ఐదు బొరుసు పడటం ఒకటి. రూపాయి బొరుసు, ఐదు బొమ్మ పడటం ఇంకొకటి. రెండు బొమ్మలు పడటానికి ఒకే దారి ఉంటే, కలగలుపుగా పడటానికి రెండు దారులున్నాయి. మొత్తం నాలుగింటిలో రెండు, అంటే సగం. రెండూ రూపాయి బిళ్ళలే అయితే ఆ రెండు దారులూ మన కంటికి ఒకటిగా కనిపిస్తాయి, అంతే గానీ అవి పడే తీరు మారదు.

నమ్మకం కుదరకపోతే వందసార్లు ఎగరేసి గీతలు పెట్టుకో. నేను చెప్పింది నిజమైతే కలగలుపు 50కి అటూ ఇటూ ఉంటుంది. ఇలాంటి వందేసి సార్ల ఆట ఎంతమంది ఆడినా నూటికి 96 మందికి 40కీ 60కీ మధ్యలోనే పడుతుంది. 33 వచ్చిందంటే ముందు బిళ్ళలు మార్చి చూడు. మంచం మీద కాకుండా గచ్చు మీద ఎగరెయ్యి, మంచం కిందికి దొర్లిన బిళ్ళ కోసం చీపురు పట్టుకు తిరగడం నాకు బాగా అనుభవం.

ప్రశ్న: మాస్టారూ నమస్తే. మా వాడు కాలనీ క్రికెట్ టీముకి కెప్టెన్. వరసగా ఆరు టాసులు ఓడిపోయాడు. ‘ఏడోది గ్యారంటీ, ప్రాబబిలిటీ ఇప్పుడు నా వైపే ఉంది’ అంటున్నాడు. వాళ్ళ నాన్న కూడా తల ఊపుతున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, మధురవాడ

మీవాడితో పాటు ఆయన్ని కూడా కూర్చోబెట్టండమ్మా. ఈ కథకి పెద్ద ఉదాహరణ మీ ఇంటి దగ్గరి స్టేడియంలోనే జరిగింది. మన పురుషుల జట్టు 2023 నవంబరు 19 వరల్డ్ కప్ ఫైనల్ నుంచి మొదలుపెట్టి వరసగా 20 వన్డేల్లో టాస్ ఓడింది. 2025 డిసెంబరు 6న దక్షిణాఫ్రికాతో విశాఖలో ఆడినప్పుడు కె.ఎల్. రాహుల్ ఎడం చేత్తో బిళ్ళ ఎగరేసి గెలిచాడు. ఆ రోజు వైజాగ్ గాలి కలిసొచ్చిందన్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

ఇరవైకి ఇరవై ఓడే అవకాశం ఎంత? రెండుని పదిసార్లు హెచ్చవేస్తే 1024, దాన్ని దానితోనే హెచ్చవేస్తే 10,48,576. అంటే పది లక్షల పైచిలుకులో ఒకటి. (కాలిక్యులేటర్ లేకుండా వెయ్యిని వెయ్యితో గుణిస్తే పది లక్షలు అని ముందే అంచనా కట్టొచ్చు, ఈ అలవాటు పిల్లలకి చేయించండి.) కానీ అది మొదటి టాస్ వెయ్యకముందు చెప్పాల్సిన మాట. ఇరవై ఓడిపోయాక ఇరవై ఒకటోదానికి మళ్ళీ సగమే. బిళ్ళేమీ పాత బాకీలు రాసుకోదు.

మీవాడికి ఇలా చెప్పండి. 128 మంది కెప్టెన్లు తలో ఆరు టాసులు వేస్తే, ప్రతి టాస్‌కీ సగం మంది తప్పుకుంటూ పోతే, ఆరూ ఓడినవాళ్ళు సుమారుగా ఇద్దరు మిగులుతారు. మీవాడు ఆ ఇద్దరిలో ఒకడు. ఏడోసారి ఆ ఇద్దరిలో ఒకడు గెలుస్తాడు, ఇంకొకడు ఓడతాడు. గ్యారంటీ ఎక్కడుంది?

ప్రశ్న: మా అబ్బాయికి జేఈఈ మెయిన్‌లో 92 పర్సెంటైల్ వచ్చింది. 300కి 276 అన్నమాటే కదా, మరి వాడెందుకు దిగాలుగా ఉన్నాడు?
– ఒక తండ్రి, పెందుర్తి

కాదండీ. 92 శాతం మార్కులు వేరు, 92 పర్సెంటైల్ వేరు. మొదటిది 300 మార్కుల్లో ఎంత అని, రెండోది పరీక్ష రాసినవాళ్ళలో ఎంతమంది అని. ఆ విడతలో రాసినవాళ్ళలో నూటికి 92 మందికి మీవాడికి వచ్చినన్ని లేదా అంతకంటే తక్కువ మార్కులు వచ్చాయని అర్థం. వినడానికి బాగానే ఉంది, కానీ పది లక్షల మంది రాశారనుకుంటే మీవాడి పైన 80 వేల మంది ఉన్నట్టు. ఆ దిగులు అందుకే. స్వీట్లు పంచేశారా ఏంటి? పంచేస్తే పర్లేదు, 92 కూడా చిన్న విషయమేమీ కాదు.

ప్రశ్న: జగదాంబ దగ్గర ఒక బట్టల షాపులో ‘50 శాతం తగ్గింపు, దాని మీద ఇంకో 20 శాతం’ అని బోర్డు. 70 శాతం అనుకుని వెళ్తే బిల్లు ఎక్కువ వేశారు. మోసమా?
– ఒక గృహిణి, మహారాణిపేట

మోసం కాదు, బోర్డు తెలివిగా రాశారు. వెయ్యి రూపాయల చీర ముందు 500 అవుతుంది, ఆ 20 శాతం ఈ 500 మీదే గానీ వెయ్యి మీద కాదు. వంద తగ్గి 400 కడతారు. మొత్తం తగ్గింపు 60 శాతం.

ప్రశ్న: ‘విశాఖ జిల్లాలో ఒకటి రెండు చోట్ల వర్షం’ అని చెప్పారు. మా పేటలో చుక్క పడలేదు. ఇలాంటి మాటలకి లెక్క ఏమైనా ఉంటుందా, నోటికొచ్చింది చెప్తారా?
– ఇంటర్ విద్యార్థి, పెదజాలారిపేట

ఉంటుంది, చాలా పక్కాగా ఉంటుంది. మన ఊళ్ళో తుఫాను హెచ్చరికల కేంద్రం ఉన్నా ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. వాతావరణ శాఖ భాషలో ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వర్షం కొలిచే కేంద్రాల్లో 25 శాతానికి మించకుండా వాన పడుతుందని. ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50, ‘చాలా చోట్ల’ అంటే 51 నుంచి 75, ఆ పైన అయితే దాదాపు అంతటా అన్నట్టు. అలాగే ‘భారీ వర్షం’ అంటే ఎవరికి తోచినంత కాదు, 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. కాబట్టి ఒకటి రెండు చోట్ల అన్న రోజున నాలుగింట మూడు చోట్ల పొడిగా ఉన్నా వాళ్ళు తప్పు చెప్పినట్టు కాదు. నువ్వు ఆ మూడింట్లో పడ్డావు. వల ఆరేసుకోడానికి పనికొచ్చింది కదా.

ప్రశ్న: స్టాటిస్టిక్స్ మీద స్కూలు ప్రాజెక్టు చేస్తున్నాను. మన వైజాగ్‌లో చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?
– ఎనిమిదో తరగతి, ఎం.వి.పి. కాలనీ

కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, లోకానికి సి.ఆర్.రావు. 1920లో పుట్టారు, ఏ.వి.ఎన్. కాలేజీలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం పూర్తి చేసి కలకత్తా వెళ్ళారు. 1945లో అచ్చయిన ఆయన వ్యాసం ఒకదాన్ని ఇవాళ్టికీ కాలేజీల్లో పాఠంగా చెబుతారు. దాని వెనక కథ ఏంటంటే, ఆయన క్లాసులో పెద్ద సంఖ్యలో నమూనాలు తీసుకున్నప్పుడు పనిచేసే ఒక ఫలితం చెబుతుంటే దండేకర్ అనే విద్యార్థి ‘నమూనాలు కొన్నే ఉంటే మాటేమిటి సార్’ అని అడిగాడట. రావు గారు ఆ రాత్రి కూర్చుని లెక్క తేల్చి మర్నాడు క్లాసులో చెప్పారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి అందుకుని అదే ఏడాది ఆగస్టులో పోయారు. ప్రాజెక్టులో ఫొటో అతికించి పుట్టిన తేదీ రాసి ఊరుకోకు, దండేకర్ అడిగిన ప్రశ్న కూడా రాయి.