బ్యాకప్ డిస్క్ ఎప్పుడూ తగిలించి ఉంచకండి

అన్నా, తిరుపతి కొర్లగుంటలో మీ పక్కింటివాళ్ల ఫైళ్లన్నీ లాక్ అయిపోయాయని, మీ పాప పెళ్లి ఫోటోలకు యాంటీవైరస్ ఒక్కటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. మీరు రాసినదాంట్లో నాకు భయం వేసింది ఒక్క మాటకే: బ్యాకప్ హార్డ్ డిస్క్ రాత్రీపగలూ కంప్యూటర్‌కే తగిలించి ఉంటుందన్నారు. ఇలా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌నే రాన్సమ్‌వేర్ అంటారు. అది సీ డ్రైవ్‌తో ఆగదు, ఆ సమయానికి తగిలించి ఉన్న డిస్క్‌కూ పెన్‌డ్రైవ్‌కూ కూడా తాళం వేసేస్తుంది. ముందు దాన్ని తీసేయండి.

నేను ఆదివారం పొద్దున కాపీ చేసుకుని, ఎజెక్ట్ కొట్టి, డిస్క్ లైటు ఆరాక కేబుల్ తీసి, బీరువాలో అమ్మ పట్టుచీరల మధ్య పెడతాను. ఇంకో కాపీ చిత్తూరులో అక్క ఇంట్లో ఉంది.

అప్‌డేట్లు ఆపకండి. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు అప్పటి మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లూ ఇరుక్కున్నాయి. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. మీది విండోస్ 10 అయితే 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది, 11కి మారండి. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేయండి, తెలియని ప్రోగ్రాములు మీ ఫైళ్లను మార్చకుండా అది ఆపుతుంది. క్రాక్ సాఫ్ట్‌వేర్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీలు) జోలికి అస్సలు వెళ్లొద్దు.

పక్కింటివాళ్లను డబ్బు కట్టొద్దనండి, తొందరపడి ఫార్మాట్ కూడా చేయించొద్దనండి. నెట్ తీసేసి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. నో మోర్ రాన్సమ్ సైట్‌లో కొన్ని రకాలకు తాళంచెవి ఉచితంగా దొరుకుతుంది. స్క్రీన్ మీది బెదిరింపు నోటు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఏ రకమో చూద్దాం.