తోటలో 9 అడుగులు రోడ్డుకు పోతే: టీడీఆరా, డబ్బా?

ప్రశ్న: బెంగళూరులో మారతహళ్లి వైపు మాకు 40×60 సైటులో ఇల్లుంది. రోడ్డు వెడల్పు చేస్తామని, ఇంటి ముందు తోటలో 9 అడుగుల లోతు కావాలని నోటీసు వచ్చింది. రెండు కొబ్బరిచెట్లు, బోరు, కాంపౌండు గోడ అన్నీ అందులోనే ఉన్నాయి. డబ్బుకు బదులు టీడీఆర్‌కు (వేరొకరికి బదిలీ చేయగల అభివృద్ధి హక్కులు) ఒప్పుకుంటే పని త్వరగా అయిపోతుందంటున్నారు. ఒప్పుకోవచ్చా? డబ్బు తీసుకుంటే పన్ను ఎంత పడుతుంది? హోమ్ లోన్ ఇంకా 6 ఏళ్లు ఉంది.

జవాబు: సంతకం పెట్టే ముందు నోటీసు ఏ చట్టం కింద వచ్చిందో చూడండి. మీ లెక్కంతా దాని మీదే నడుస్తుంది. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద వచ్చి ఉంటే మీకు డబ్బు రావాలి. కర్ణాటక పట్టణ ప్రణాళిక చట్టంలోని 14బీ కింద వచ్చి ఉంటే అది టీడీఆర్ బేరం. స్థలం వదులుకున్నందుకు అభివృద్ధి హక్కుల పత్రం, అంటే అదనంగా కట్టుకునే హక్కు ఇస్తారు. దాన్ని వాడుకునే బిల్డర్ దొరికితేనే అది డబ్బవుతుంది. ప్యాలెస్ మైదానం టీడీఆర్ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన సంగతి బెంగళూరులో అందరికీ తెలిసిందే. మిగిలిన స్థలంలో పై అంతస్తు వేసే ఉద్దేశం లేకపోతే నేనైతే డబ్బే అడగమంటాను.

డబ్బు ఎంత వస్తుంది? మీ నుంచి పోయేది 40×9, అంటే 360 చదరపు అడుగులు. అడుగు రూ.10,000 అనుకుందాం, ఇది ఉదాహరణకే. స్థలం విలువ రూ.36 లక్షలు. గోడ, గేటు, బోరు, చెట్లు కలిపి రూ.4 లక్షలనుకుంటే మొత్తం 40 లక్షలు. దాని మీద నూటికి నూరు సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం), అంటే ఇంకో 40 లక్షలు. ఇవి కాక స్థలం విలువ మీద మాత్రం ఏడాదికి 12 శాతం చొప్పున, సామాజిక ప్రభావ అధ్యయనం గురించి ఇచ్చే నోటిఫికేషన్ నుంచి అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) దాకా లేదా స్వాధీనం దాకా, ఏది ముందైతే అంతవరకు ఇస్తారు. ఏడాదికి రూ.4.32 లక్షలు. ఒక ఏడాది పట్టిందనుకుంటే వెరసి రూ.84.32 లక్షలు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అధికారులు గైడెన్స్ వాల్యూ (రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం పెట్టిన ధర) ఒక్కటే పట్టుకుంటారు. చట్టం ప్రకారం గత మూడేళ్లలో ఆ చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లలో పై సగం ధరల సగటు కూడా చూడాలి, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. మీ వీధి సేల్ డీడ్ల నకళ్లు మీరే తీసి జతచేయండి. 11వ సెక్షన్ నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోపు అభ్యంతరం వేయాలి. 2025 సెప్టెంబరులో బెంగళూరు నగరపాలక సంస్థ బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి కాబట్టి పాత చిరునామాకు పోస్టు చేసి ఊరుకోవద్దు. నోటీసులో ఉన్న భూసేకరణ అధికారి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

అధికారులు వచ్చి కొలతలు తీసే జాయింట్ సర్వే రోజు ఇంట్లో ఉండి తీరాలి. బోరు లోతు, మోటారు, గోడ పొడవు, ఒక్కో చెట్టూ జాబితాకు ఎక్కాలి. అందులో లేనిదానికి తర్వాత పైసా రాదు. కారు పెట్టుకునే చోటు, ఇంటి ముందు సెట్‌బ్యాక్ (నిబంధన ప్రకారం వదలాల్సిన ఖాళీ) పోవడం వల్ల మిగిలిన ఇంటికి కలిగే నష్టాన్ని 28వ సెక్షన్ కింద వేరుగా అడగండి. అడగనిదే ఎవరూ ఇవ్వరు. ఒకవేళ ప్లాన్ శాంక్షన్ అప్పుడే ఈ స్థలాన్ని రోడ్డుకు వదులుతూ రిలింక్విష్‌మెంట్ డీడ్ రాసిచ్చి ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. పాత ఫైలు ముందు వెతకండి.

చెక్కు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టండి. ఆ మాట లేకపోతే ఎక్కువ పరిహారం కోసం 64వ సెక్షన్ కింద వెళ్లే దారి మూసుకుపోతుంది. అవార్డు రోజు మీరు అక్కడ ఉంటే దానికి గడువు ఆరు వారాలే.

పన్ను సంగతి. 2013 చట్టం కింద వచ్చిన అవార్డుకు 96వ సెక్షన్ ప్రకారం ఆదాయపు పన్ను లేదు. కాబట్టి పన్ను మిగులుతుందని ఎవరైనా ఐదేళ్ల క్యాపిటల్ గెయిన్స్ బాండ్లు అంటగడితే కొనకండి, మీకు ఆ పని లేదు. పొరపాటున టీడీఎస్ కోస్తే రిటర్నులో మినహాయింపు ఆదాయంగా చూపి వాపసు తీసుకోండి. ఆలస్యానికి ఇచ్చే వడ్డీకి పన్ను ఉంది, కానీ సగానికే. టీడీఆర్‌కూ, వేరే చట్టం కింద జరిగే సేకరణకూ ఈ మినహాయింపు దానంతట అదే వర్తిస్తుందనుకోవద్దు. సీఏ దగ్గర రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకున్నాకే ఒప్పుకోండి.

లోన్ విషయం బ్యాంకుకు ఇప్పుడే చెప్పండి. తాకట్టు ఆస్తిలో భాగం పోతోంది కాబట్టి పరిహారంలో బ్యాంకు తన వాటా అడగొచ్చు. అడగకపోతే మొదట గోడ, గేటు, కొత్త బోరుకు డబ్బు పక్కన పెట్టండి. బోరుకు బెంగళూరు జలమండలి (నీటి సరఫరా సంస్థ) అనుమతి కావాలి, అది తేలిగ్గా రాదు. లోన్ మొత్తం తీర్చేయాలన్న తొందర వద్దు. చివరి ఆరేళ్ల ఈఎంఐలో ఎక్కువ భాగం అసలుకే పోతుంది, ముందే కడితే మిగిలే వడ్డీ ఎంతో లెక్క చూసుకున్నాకే తేల్చుకోండి. స్వాధీనం అయ్యాక ఈ-ఖాతాలో (కార్పొరేషన్ ఆస్తి రికార్డులో) విస్తీర్ణం 2,040 చదరపు అడుగులకు మార్పించండి. లేకపోతే రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఖాతా కొలతకూ, స్థలం కొలతకూ పొంతన కుదరదు.